కొంచెం ఎనిగ్మాటిక్

సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్లవాడి గురించి పక్కింట్లో, కిరాణా కొట్టులో, పని చేసే చోట అడిగి రావడం శ్యాంసుందర్ వాళ్ళ ఇంటి ఆచారం. సిరిసిల్లలో ఉన్నప్పుడు అది సులువు. మగ్గాల సందులో అటూ ఇటూ నడిచి రెండు చోట్ల చాయ్ తాగితే పిల్లవాడి తాతముత్తాతల సంగతులు కూడా బయటపడేవి. హైదరాబాదులో పక్కింటివాడికి పక్కింటివాడి పేరే తెలియదు. అందుకని పంజాగుట్టలో టైలరు షాపు నడిపే శ్యాంసుందర్, కూతురు రవళికి చూసిన అనుదీప్ ఎలాంటివాడో చెప్పమని, ఒకప్పుడు ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో అతని గదిలోనే ఉన్న వంశీకృష్ణకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. పెట్టి, షటరు సగం దించి, భోజనానికి ఇంటికొచ్చాడు.

పప్పుచారు కలుపుకుంటూ ఉండగా జవాబు వచ్చింది.

'అనుదీప్ వెరీ నైస్ గై అంకుల్. లిటిల్ ఎనిగ్మాటిక్. దట్సాల్.'

శ్యాంసుందర్ ఫోను భార్య ప్రమోద వైపు చాపాడు. ఆయన అక్క స్వరాజ్యం దాన్ని మధ్యలోనే అందుకుంది. ఆమె ఇల్లు వెనక వీధిలో, భోజనం మాత్రం ఎక్కువగా తమ్ముడింట్లో.

“నైస్ గై అంటే సమజైంది. గీ రెండోది ఏంది తమ్మి? ఆస్తమాటిక్ లెక్కనే ఉన్నది.”

“రోగం కాదు వదినె,” అంది ప్రమోద. “జల్ది అర్థం కాని మనిషి అన్నట్టు.”

“నీకు మీ ఆయన అర్థమైండా?”

“పెండ్లైన కాడికెల్లి చూస్తనే ఉన్న. ఇంక కాలే.”

“మరి గంతే గద. మొగోడు అర్థం కాకపోతే అదొక వింతనా, పనిగట్టుకొని రాయనీకి? రాసిండు అంటే ఇంకేదో ఉన్నది. అది సుత ఇంగ్లిష్‌ల రాసిండు. తెలుగుల రాస్తే దొరికిపోతడని.”

ఈ వాదన ప్రమోదకు నచ్చలేదు. అందులో తప్పు మాత్రం వెంటనే కనబడలేదు.

కనబడినా ఆమె మాట చెల్లేది కాదు. ప్రమోద కరీంనగర్‌లో బి.ఏ. చదివింది, ఇంగ్లిషు ఆమెకు వచ్చు. కానీ ఈ సంబంధం తెచ్చింది ఆమె చిన్నమ్మ కూతురు అనిత. కాబట్టి పిల్లవాడికి అనుకూలంగా ప్రమోద చెప్పే అర్థాలేవీ ఆ ఇంట్లో సాక్ష్యానికి పనికిరావు.

పైగా వ్యవధి లేదు. వచ్చే ఆదివారమే దుబ్బాక నుంచి అనుదీప్ వాళ్ళు పూలు-పండ్లకు వస్తున్నారు. ఒకసారి పూలూ పండ్లూ ఇంట్లోకి వచ్చాయంటే మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత వద్దంటే పిల్లకే చెడ్డపేరు వస్తుంది. రవళి సోమాజిగూడలో ఒక కంపెనీలో ఉద్యోగాలకు మనుషులను ఎంచే పని చేస్తుంది. పొద్దంతా ఇంటర్వ్యూలే. అదే అలవాటుతో ఇంటికొచ్చిన సంబంధాలను కూడా ఒక్కొక్కటే తిప్పి పంపింది. ఒకడు ఎక్కువ మాట్లాడాడని, ఇంకొకడు అడిగినదానికి కాక వేరేదానికి జవాబు చెప్పాడని. అలాంటిది, వచ్చి చూసి వెళ్ళిన అనుదీప్‌కు సరేనంది.

“ఆయన ఏం మాట్లాడనే లేదు గదనే?” అని ప్రమోద ఆశ్చర్యపోతే, “అందుకే అమ్మ. పొద్దంత మాట్లాడెటోళ్ళనే చూస్త. ఈయన పక్కన కూసుంటే జర చెవులకు సుఖమైంది,” అంది. అన్నాక, సెలవు రోజైనా, కాటుక పెట్టుకుంది. ప్రమోద చూడనట్టు ఉండిపోయింది.

అందుకే స్వరాజ్యం “పా, మైత్రీవనం పోదాం. పైసల్ తీసుకొని ఇంగ్లిష్ చెప్పెటోన్నే అడుగుదాం,” అన్నప్పుడు ప్రమోద కాదనలేదు. తానూ వెంట ఉంటే అర్థం మరీ దారి తప్పకుండా చూసుకోవచ్చు అనుకుంది. అది ఆమె చేసిన మొదటి పొరపాటు.

అమీర్‌పేట మైత్రీవనంలో డెమో క్లాసుకు వచ్చినవాళ్ళను ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. ఇద్దరూ వెళ్ళి జావా నేర్చుకునే పిల్లల మధ్యలోంచి దారి చేసుకుంటూ పై అంతస్తులో సూర్యనారాయణ సారు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చున్నారు.

“రండమ్మా. ఏంటి, ఇద్దరూ జాయినవుతారా?” అన్నాడాయన. రాజమండ్రి మనిషి, మాట నిండా మర్యాద.

“ముందుగాల్ల ఒక్క మాట అడుగుతం సార్,” అంది స్వరాజ్యం. “ఎనిగ్మాటిక్ అంటే ఏంది?”

సారు మొహం వెలిగిపోయింది. పాపం, చాలా రోజులుగా అందరూ ఆయన్ని ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ ఒక్కటే అడుగుతున్నట్టున్నారు. ఆయన పద్ధతి ఏమిటంటే, ఒక పదం అడిగితే దాని చుట్టపక్కాలందరినీ బోర్డు మీదికి పిలుస్తాడు. ప్రతి పదానికీ ఒక వాక్యం చెబుతాడు.

“ఎనిగ్మాటిక్ అంటే పొడుపుకథ లాంటి మనిషి. హంతకుడి నవ్వు ఎనిగ్మాటిక్‌గా ఉంది. మిస్టీరియస్, వెనకాల ఏదో ఉందనిపించేది. ఆ పాడుబడ్డ బంగళాలో మిస్టీరియస్ వెలుగు కనబడింది. ఇన్‌స్క్రూటబుల్, మొహం చూస్తే లోపల ఏముందో తెలీదు. ఉరిశిక్ష విన్నా ముద్దాయి మొహం ఇన్‌స్క్రూటబుల్‌గానే ఉంది. క్రిప్టిక్, చిన్న మాట, అర్థం మాత్రం దాచిపెట్టి ఉంటుంది. గూఢచారి క్రిప్టిక్ సందేశం పంపాడు. ఇల్యూసివ్, చేతికి చిక్కనిది. ఆ ఇల్యూసివ్ దొంగ మళ్ళీ తప్పించుకున్నాడు…”

స్వరాజ్యం ఫోనులో రికార్డింగు ఎప్పుడు నొక్కిందో ప్రమోద గమనించలేదు.

“సార్, మంచోళ్ళను సుత అనొచ్చు గదా?” అంది ప్రమోద కంగారుగా.

“ఎందుకనకూడదమ్మా? శుభ్రంగా అనొచ్చు. కాకపోతే ఎగ్జామ్‌లో ఎక్కువగా దొంగలే వస్తారు.”

మెట్లు దిగుతూ స్వరాజ్యం అంది, “ఒక్కటే అనుకొని వచ్చినం. ఇన్ని ఉన్నయ్.”

“అన్నీ ఒకటే తీరు వదినె. ఒకే మనిషికి వేరే వేరే పేర్లు.”

“ఒకే మనిషికి వేరే వేరే పేర్లు ఠాణాల ఉంటయ్. ఎవలకుంటయో నువ్వే చెప్పు.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర స్వరాజ్యం ఆ రికార్డింగును మళ్ళీ మళ్ళీ వినిపించి, ఒక్కొక్క పదాన్నీ ఒక్కొక్క నేరంగా అనుదీప్ మీద మోపింది. వాట్సాప్ స్టేటస్‌లో అతను పెట్టింది ఒక్క చుక్క, ఇంకేమీ లేదు. క్రిప్టిక్. చూడటానికి వచ్చినప్పుడు ప్రమోద వేసిన మిరపకాయ బజ్జీలు తిని కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకోలేదు. ఇన్‌స్క్రూటబుల్.

“నా బజ్జీలను ఎందుకు ఇరికిస్తున్నరు?” అంది ప్రమోద.

“గవి తిని నేనే ఏడ్చిన. ఆ పిల్లగాడు రెండోది అడిగిండు. మామూలు మనిషేనా?”

శ్యాంసుందర్ మజ్జిగ తాగుతూ, “ఆఫీసుకు ఒక ఫోన్ కొడితే అయిపాయె గదా. ఊకె ఫికర్ ఎందుకు?” అన్నాడు.

మర్నాడు ప్రమోదే ఫోన్ చేసింది. అనుదీప్ ఇచ్చిన కార్డు మీద ఒక కన్సల్టెన్సీ పేరు, కింద ‘టెక్నికల్ లీడ్’ అని ఉన్నాయి. ఎవరో అమ్మాయి ఎత్తింది.

“అనుదీప్ గారా? ఆయన ఇక్కడ కూర్చోరు మేడమ్.”

“మరి ఎక్కడ కూసుంటరు?”

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, “క్యాండిడేట్ ఏ బ్యాచ్ మేడమ్?” అని అడిగింది. ప్రమోద పెళ్ళికూతురి తల్లినని చెప్పగానే ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అప్పటిదాకా స్వరాజ్యం మాటలకు లోపల్లోపల నవ్వుకుంటున్న ప్రమోదకు నవ్వు ఆగిపోయింది. పదాల సంగతి పక్కన పెడితే, టెక్నికల్ లీడు అన్నవాడు ఆఫీసులో ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. కూర్చోనివాడు ఏం చేస్తాడు? ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే స్వరాజ్యం సాయంత్రానికి దుబ్బాక దాకా చేరవేస్తుంది. నిజం కాకపోతే పిల్లవాడి పేరు పోతుంది. నిజమైతే రవళికి ముందు తల్లి నోటి నుంచే తెలియాలి.

జాకెట్టు గుడ్డకు మ్యాచింగ్ తేవాలని ఇంట్లో చెప్పి మధ్యాహ్నం బయలుదేరింది. ఆడది మ్యాచింగ్‌కు వెళ్తున్నానంటే ఎంతసేపైనా ఎవరూ వెతకరు. కార్డు మీది అడ్రసు మైత్రీవనం వెనక సందులో ఉంది. ఎదురుగా జిరాక్సు షాపు నీడలో నిలబడింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని తన ఆధార్ కార్డు జిరాక్సు తీయించుకుంది. ఇంకా ఎవరూ రాకపోతే మళ్ళీ తీయించుకుంది.

అనుదీప్ వచ్చాడు. ఆ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. పక్కన హాస్టలు, మెస్సు కలిసి ఉన్న ఇరుకు బిల్డింగులోకి దూరాడు. భుజాన సంచి, చేతిలో నీళ్ళ సీసా. లోపలికి వెళ్ళేముందు ఆగి వెనక్కి చూశాడు. ఆ చూపు ప్రమోదకు అస్సలు నచ్చలేదు.

వెనకే ఎక్కింది. మెట్ల మీద సాంబారు వాసన, గోడ మీద చెప్పులు లోపలికి తేవద్దన్న హెచ్చరిక, దాని కిందే చెప్పుల కుప్ప. పై అంతస్తులో ఒక ప్లైవుడ్ తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. అనుదీప్‌దే. తమ ఇంట్లో సోఫా అంచున కూర్చుని అవును, కాదు, చాలండి తప్ప ఇంకేమీ అనని ఆ గొంతు ఇప్పుడు ఇంగ్లిషులో ఏరులా పారుతోంది.

“మైసెల్ఫ్ వంశీధర్, ఫ్రమ్ నిజామాబాద్. ఐ హ్యావ్ ఫోర్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్…”

ప్రమోద తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది. వాట్సాప్‌లో రాసింది వంశీకృష్ణ. ఈ వంశీధర్ ఎవరు? నిజామాబాదు ఎక్కడిది? ఠాణాలో వేరే వేరే పేర్లుంటాయన్న వదిన మాట చెవిలో మోగింది. దుబ్బాకలో తండ్రి, తల్లి, అనిత చెప్పిన చుట్టరికం, అన్నీ ఉత్తవేనేమో. ఏమైతే అదైందని తలుపు తోసింది.

లోపల మేజా మీద ల్యాప్‌టాప్. దాని ముందు ఇస్త్రీ చొక్కా, టై, కింద లుంగీతో ఒక కుర్రాడు కూర్చుని నోరు కదుపుతున్నాడు. గొంతు రావడం లేదు. ల్యాప్‌టాప్ వెనక, కెమెరాకు అందకుండా, నేల మీద బాసింపట్టు వేసుకుని అనుదీప్ కూర్చుని ఉన్నాడు, చేతిలో మైకు. మాట ఇతనిది, పెదవులు అతనివి. అవతల స్క్రీనులో ఎవరో పెద్దమనిషి తలాడిస్తున్నాడు.

అనుదీప్ ప్రమోదను చూశాడు. మాట ఆపితే ఎదుట కుర్రాడి ఉద్యోగం పోతుంది. ఆపకపోతే తన పెళ్ళి పోతుంది. ఖాళీ చేతిని గుండె మీద పెట్టుకుని ఆమెకు దండం పెడుతూ, “ఐ హ్యాండిల్ ప్రెషర్ వెరీ వెల్,” అన్నాడు.

ఎదుట కుర్రాడు కూడా ఆ మాటే పలికినట్టు పెదవులు కదిపాడు. వాడికి మాత్రం చెమటలు కారుతున్నాయి.

ప్రమోద తలుపు మెల్లగా మూసి బయట నిలబడింది. అరవాలనిపించింది. అరిస్తే అది కూడా ఆ వంశీధర్ ఖాతాలోకే పోతుందని నోరు మూసుకుంది.

కాసేపటికి అనుదీప్ బయటకొచ్చాడు. “కింద చాయ్ తాగుదాం ఆంటీ,” అన్నాడు. కన్నెత్తి చూడలేదు.

చాయ్ చేతికొచ్చాక ప్రమోద సూటిగా అడిగింది. “నువ్వు చేసే పని ఏంది బిడ్డా? తెలుగుల చెప్పు.”

“వేరెటోళ్ళ ఇంటర్వ్యూలు ఇస్త ఆంటీ.” ఒక్క మాట నమలకుండా చెప్పాడు. “చదువుకున్నోళ్ళే. పని వస్తది, మాట రాదు. కొందరికి పని సుత రాదు. వాళ్ళ బదులు నేను మాట్లాడ్త. కన్సల్టెన్సీ నాకు జీతమిస్తది.”

“దీన్ని టెక్నికల్ లీడ్ అంటరా?”

“కార్డు మీద ఏదో ఒకటి రాయాలె గదా ఆంటీ.”

“వంశీకృష్ణకు తెలుసా?”

అనుదీప్ గ్లాసు అడుగుకేసి చూశాడు. “ఆయన ఉద్యోగం నా నోటితోనే వచ్చింది. మీరు అడిగిన్రని నాకు ఫోన్ చేసిండు. అబద్ధం చెప్పలేను, నిజం సుత చెప్పలేను అన్నడు. ఏం రాసిండో నాకు తెల్వదు.”

ప్రమోదకు ఆ పదం మీద మొదటిసారి గౌరవం కలిగింది. వంశీకృష్ణ చాలాసేపు వెతికే ఉంటాడు.

“మా ఇంట్ల ఎందుకు మాట్లాడలే మరి? గంత మస్తుగ మాట్లాడెటోనివి?”

“మీ గురించి చెప్పుండ్రి అన్నరు అంకుల్. పొద్దంత అదే ప్రశ్నకు జవాబు చెప్త. ఒకసారి వంశీధర్ లెక్క, ఒకసారి ఇంకోడి లెక్క. నాదేదో యాదికి రాలే. తప్పు చెప్త అని భయమై ఊకున్న.” చాయ్ గ్లాసు కింద పెట్టి, “రవళికి చెప్తరా?” అన్నాడు.

రవళి పనేమిటో అతనికి తెలుసు. ఇలాంటివాళ్ళను పట్టుకోవడం కూడా ఆమె పనే. ప్రమోద మనసులో ఒక్క క్షణం వేరే ఆలోచన మెదిలింది. ఆదివారం పూలు-పండ్లు కానిచ్చి, తర్వాత ఈ పని మాన్పిస్తే? పిల్ల ముచ్చటపడింది. పెట్టుకోక పెట్టుకోక కాటుక పెట్టుకుంది. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చూసి ఆమెకే అనుమానం వచ్చింది, తన మీద.

“నేను చెప్ప. నువ్వే చెప్తవ్. ఇయ్యాల్నే. మా ఇంటికొచ్చి, మా అందరి ముంగట.”

సాయంత్రం రవళి ఆఫీసు నుంచి వచ్చేసరికి అనుదీప్ అదే సోఫా అంచున ఉన్నాడు. స్వరాజ్యం ఎదురు కుర్చీలో పోలీసు అధికారిలా సర్దుకుంది. శ్యాంసుందర్ మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. అనుదీప్ చెప్పాడు, ఆగి ఆగి, తప్పులు దిద్దుకుంటూ. మధ్యలో స్వరాజ్యం “నేనప్పుడే అన్న!” అనబోతే ప్రమోద ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

రవళి బ్యాగు కూడా దించలేదు. “మా కంపెనీకి సుత ఇచ్చినవా?”

అనుదీప్ సోఫా అంచు నుంచి ఇంకాస్త ముందుకు జరిగాడు.

“ఇచ్చిన,” అన్నాడు అనుదీప్. “ఇద్దరికి. మీ సంబంధం రాకముందు. నువ్వు తీసుకున్న ఇంటర్వ్యూ కాదు.”

“పేర్లు?”

“రవళీ, వాళ్ళ పొట్ట…”

“పేర్లు అనుదీప్.”

చెప్పాడు. రెండో పేరు దగ్గర తడబడ్డాడు. ఆ ప్లైవుడ్ తలుపు వెనక ప్రెషరు బాగా తట్టుకుంటానన్న గొంతు అది కాదని ప్రమోదకు తెలిసిపోయింది.

“రేపు మా మేనేజర్‌కు చెప్త,” అంది రవళి. “నాకెట్ల తెల్సిందో సుత చెప్త. అట్ల చెప్తే నా నౌకరికి ఏమైతదో నాకు తెల్వదు.” మామూలుగా అనబోయింది గానీ కుదరలేదు. “ఆదివారం పూలు-పండ్లు లేవు. మీ అమ్మకు నువ్వే చెప్పు. నా మీదికి తోలకు, జాతకాల మీదికి తోలకు.”

“నేనే చెప్త,” అన్నాడు. లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. కుడిదీ ఎడమదీ తేడా తెలియనట్టు.

అప్పుడు రవళి బ్యాగు సోఫాలో పడేసి అతని వెనకే మెట్లు దిగింది.

స్వరాజ్యం బాల్కనీలోకి పరుగెత్తింది. ప్రమోద పరుగెత్తలేదు, ఎండిన బట్టలు తీయడానికి వెళ్ళింది. కింద బైకు పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. మెట్రో రైలు పోతున్న చప్పుడుకు ఏమీ వినబడటం లేదు. మొదట రవళి మాట్లాడింది, వేలు చూపిస్తూ. తర్వాత అతను అందుకున్నాడు. చేతులు తిప్పుతూ, ఒకసారి తల కొట్టుకుంటూ, ఎంతకీ ఆపడం లేదు. రవళి చేతులు కట్టుకుని వింటోంది.

“వద్దన్నంక గిన్ని ముచ్చట్లేందే?” అంది స్వరాజ్యం.

“ఏమో వదినె.”

“తిడుతున్నదా?”

“తిట్టినట్టు కనిపిస్తలేదు.”

“మరేంది? నీ బిడ్డ సుత ఏమన్న దాస్తున్నదా?”

ప్రమోద టవలు మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది. కింద అతను బైకు ఎక్కాడు. రవళి ఏదో అంది. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. రవళి పైకి వచ్చేసరికి కళ్ళ కింద కాటుక చెదిరి ఉంది.

“ఏమంటడే?” స్వరాజ్యం గుమ్మంలోనే అడ్డుకుంది.

“ఆ పని రేపటికెల్లి బంద్ పెడ్తడంట. ఎక్కడన్న సొంత పేరు మీద ఇంటర్వ్యూ ఇస్తడంట.”

“నువ్వేమన్నవ్?”

“నాకు చెప్పకు, పొయ్యి ఇయ్యి అన్న. నౌకరి వచ్చినంక ఆ ఆఫీసు అడ్రస్ పంపు, నేనే వచ్చి అడిగి అరుసుకుంట అన్న.”

“అంటే అవునా? కాదా?”

“ఇప్పటికైతే కాదు అత్తా,” అని రవళి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

శ్యాంసుందర్ ఆదివారానికి చెప్పిన వంటాయనకు ఫోన్ చేసి అడ్వాన్సు వాపస్ అడగమన్నాడు. ప్రమోద ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది. బయటి నుంచి స్వరాజ్యం చెవి తలుపుకు ఆనించిన సంగతి ఆమెకు తెలుసు. అందుకే గొంతు బాగా తగ్గించి, వంటాయనతో, ఈ ఆదివారం వద్దు గానీ అడ్వాన్సు మాత్రం వాపస్ ఇవ్వొద్దని చెప్పింది.